ఎండుచేపల బండిలో లూథరు భార్య

అత్త మంచీ, వేము తీపీ లేవంటారు. వేము సంగతి నాకు తెలియదు గానీ మా అత్త పున్నమ్మ మంచిదే. నోరే కాస్త పెద్దది. బాపట్ల బాప్టిస్టుల పిల్లనైన నేను రేపల్లె దగ్గర ఈ లూథరన్ ఇంటికి కోడలిగా వచ్చిన రోజున ఆవిడ అడిగిన మొదటి మాట, "మీవాళ్లు బాప్తిస్మానికి మనిషిని నిలువునా నీళ్లలో ముంచుతారంటగా రూబీ, జలుబు చెయ్యదా?" అని. నేనూరుకుంటానా? "మీలాగా నాలుగు చుక్కలు చల్లుకుంటే పాపం పోద్దా అత్తయ్యా?" అన్నాను. పగలబడి నవ్వింది. ఆ రోజు నుంచీ మాకు జత కుదిరింది.

నా భర్త చిన్నతనంలోనే మామయ్య పోతే నాట్లకీ కోతలకీ వెళ్లి కొడుకును చదివించిన మనిషి ఆవిడ. ఇప్పుడు మోకాళ్లు పట్టేశాయి. అయినా అక్టోబరు చివర సంస్కరణ పండగ ఆదివారం వస్తే మా చర్చిలో ఆవిడే మహారాణి. ప్రసంగం అయ్యాక, మా సంఘానికి మూలపురుషుడైన జర్మనీ లూథరు కథ చెప్పడం వాళ్ల ఇంటి ఆడవాళ్లకు వచ్చిన హక్కు. ముందు ఆవిడ అమ్మమ్మ చెప్పేదట, తర్వాత అమ్మ, ఇప్పుడు ఈవిడ.

లూథరు తన వాదన రాసిన కాగితాన్ని చర్చి తలుపుకి కొట్టడం రెండు ముక్కల్లో తేల్చేస్తుంది. ఆవిడకు ముద్దు లూథరు భార్య కేథరిన్. సన్యాసినుల మఠం నుంచి పారిపోయిన ఆ పిల్ల ఎండుచేపల గంపల కింద నక్కి బండిలో వస్తుంది. కాలవ లాకుల దగ్గర మగవాళ్లు అడ్డం పడతారు. "ఏంటి బండిలో?" "ఖాళీ గంపలండి, ఎండుచేపలవి!" వాళ్లు ముక్కులు మూసుకుని పొమ్మంటారు. చర్చి అంతా గొల్లున నవ్వుతుంది. తర్వాత బండాయన భార్య ఆ పిల్లకు తలంటి, గోంగూర పచ్చడి వేసి అన్నం పెడుతుంది.

జర్మనీలో గోంగూరేంటని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. కొత్తగా వచ్చిన పాస్టరు దేవదానంగారు అడిగారు. తెనాలి ఆయన, మెత్తని మనిషి. పండగకు వారం ముందు ఇంటికే వచ్చారు.

"మామ్మగారూ, ఈసారి పిల్లలకి వీడియో వేద్దామండి. కేథరిన్‌గారు చేపల పీపాల బండిలో వచ్చిందంటారు, అంతవరకే. లాకులూ గోంగూరా చరిత్రలో లేవండి."

అత్తయ్య ముఖం పాలిపోయింది. "అంటే నేను ఇన్నేళ్లూ దేవుడి ఇంట్లో నిలబడి అబద్ధం చెప్పానా అయ్యగారూ?"

"అయ్యో, అంత మాటెందుకండి!" అని ఆయన ఎంత సర్దిచెప్పినా ఆవిడ చెవికెక్కలేదు. ఆయన వెళ్లాక, పండగనాడు చర్చిలో రొట్టే ద్రాక్షరసమూ పంచే ప్రభువు బల్లలో చెయ్యి వెయ్యనంది. "అబద్ధమాడిన నోటితో ఆ రొట్టె ఎట్టా తింటానే?" జ్వరంలో కూడా బల్ల తప్పని మనిషి! నాకు ఒళ్లు మండింది, అయ్యగారి మీదా, జర్మనీ మీదా. "మీ అమ్మమ్మ చెప్పిందే కదా మీరు చెప్పింది! పాపముంటే ఆవిడది" అనేశాను. పుండు మీద కారం చల్లినట్టయింది. కంచం వదిలేసి లేచిపోయింది.

మర్నాడు పొద్దున వంటింటి గడప దగ్గరకు వచ్చి కూలబడింది.

"రూబీ, మా అమ్మమ్మ ఎండుచేప ముట్టేది కాదే. ఇంట్లో వేయిస్తుంటే పక్కింటికి పోయేది."

"అయితే ఏంటత్తయ్యా?"

"ఆవిడది కొల్లిపర వైపు హిందూ రైతుల ఇల్లు. పుట్టింటి నుంచి ఒక్క పురుగు కూడా మా గడప తొక్కలేదు. ఆ లాకుల దగ్గరికొచ్చేసరికి మేం పిల్లలం నవ్వేవాళ్లం, ఆవిడ ఏడ్చేది. లూథరు పెళ్లాం కోసం ఈవిడకి ఏడుపేంటే?"

గంపల కింద నక్కింది ఆ అమ్మమ్మేనని నాకు అప్పుడు తట్టింది. కొల్లిపరలో ఎండుచేపలు అమ్ముకుని, ఖాళీ గంపలతో సముద్రం పక్కనున్న అడవులదీవికి తిరిగి వెళ్లే బండి అది. అడ్డం పడినవాళ్లు సొంత అన్నలు. బాప్తిస్మం కోసం ఇల్లు విడిచిన ఆ పిల్ల, ఎవడితోనో లేచిపోయిందని లోకం అంటుందని భయపడి, తన కథను లూథరు భార్య పేరు మీద చెప్పుకుంది.

పండగ రోజున వీడియో అయ్యాక ఎవరూ పిలవకుండానే అత్తయ్య లేచి ముందుకు వెళ్లింది.

"నేను చెప్పిన కథలో తప్పుంది. లాకుల దగ్గర గంప కింద ఉన్నది లూథరుగారి భార్య కాదు, మా అమ్మమ్మ. నా దగ్గర సాక్ష్యం లేదు, నా మనసుకి తెలుసు. బయట అన్న గొంతు వినపడినా ఆవిడ పలకలేదు. పుట్టింటివాళ్ల గొంతు వినడం అదే ఆఖరు."

ఎవరూ నవ్వలేదు. బల్ల సిద్ధం చేస్తున్న దేవదానంగారు ఆవిడ దగ్గరకు వచ్చి, "ఆవిడ పేరేంటండి మామ్మగారూ?" అని అడిగారు.

"వెంకటరత్నమ్మండి."

ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. "తండ్రీ, లూథరుగారి కోసం, కేథరిన్‌గారి కోసం, మా వెంకటరత్నమ్మగారి కోసం నీకు స్తోత్రం." చర్చి అంతా ఆమెన్ అంది. నాకు ఏడుపు ఆగలేదు.

అత్తయ్య నా భుజం పట్టుకుని బల్ల దగ్గరకు నడిచింది. రొట్టె కోసం రెండు చేతులూ చాపుతూ నా చెవిలో అంది, "అమ్మమ్మ అబద్ధం చెప్పలేదే రూబీ. పేరొక్కటే దాచుకుంది పిచ్చితల్లి."