విడుదల కబురు

నా చిన్నప్పుడు, అమెరికాకు తొలిసారి ఒక నల్లజాతీయుడు అధ్యక్షుడిగా గెలిచిన చలికాలంలో, మస్కట్‌లోని మా బడివాళ్లకు ఉన్నట్టుండి అమెరికా చరిత్ర మీద ప్రేమ పుట్టింది. బానిసత్వాన్ని రద్దు చేసిన పాతకాలపు అధ్యక్షుడి మీద ఉపన్యాసాల పోటీ పెట్టారు. నాన్న ఇంగ్లీషులో రాసిచ్చింది నాకు కంఠస్థమైంది గానీ, కంఠం దాటి పైకెక్కలేదు.

మేం ఆ ఊళ్లోనే ఘుబ్రా అనే పేటలో ఉండేవాళ్లం. పక్క ఫ్లాట్‌లోని తెలుగువాళ్లింట్లో పనికి కడప వైపు నుంచి వచ్చిన అక్క ఒకామె ఉండేది. సాయంత్రాలు బట్టలు మడతపెడుతూ, ఆ కథంతా తెలుగులో చెప్పమనేది. తనకర్థమైతేనే నాకర్థమైనట్టట. చెక్క గుడిసెలో పుట్టాడని, పొయ్యి వెలుగులో చదువుకున్నాడని, ఓడీ ఓడీ గెలిచాడని, యుద్ధం మధ్యలోనే బానిసలకు విడుదల ప్రకటించాడని, చివరికి నాటకం చూస్తుండగా కాల్చేశారని చెప్పాను. సాగుచేసుకునే పేదలకు భూములిచ్చాడంటే తలూపింది. చావు దగ్గర ‘అయ్యో, మారాజు’ అంది. మళ్లీ విడుదల దగ్గరికే వచ్చింది.

“ఆయప్ప యాడో కూకోని సెప్తే, సేన్లలో పనిచేసేటోళ్లకు ఎట్ల తెలిసె పాపా? ఎవురు సెప్పినారు?”

నా ఉపన్యాసంలో ఆ ముక్క లేదు. అప్పటికి ఊళ్లో అక్క వాళ్లమ్మ మంచాన పడి ఉంది. పంపమని అడిగితే, వీసా గడువు ముగియగానే పంపిస్తామని మేడమ్ అందట. పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో ఉంది. ముగిసిన రోజు వాళ్లే చెబుతారని అక్క ఎదురుచూస్తోంది. ఇళ్లల్లో పనికొచ్చినవాళ్లు చాలామంది అలాగే నమ్మేవారు.

శుక్రవారం భోజనాల దగ్గర అక్క అడిగిందే నాన్నను అడిగాను. వీసా కాగితాలు చూడటమే ఆయన ఉద్యోగం. మా భవనంలోని తెలుగువాళ్ల పనులూ ఆయనే చేసిపెట్టేవాడు. ఉత్సాహంగా మొదలుపెట్టాడు. కొన్ని దూరపు చోట్లకు ఆ కబురు చేరడానికి రెండేళ్లు దాటిందట. సంగతి తెలిసిన యజమానులు కూడా పంట చేతికొచ్చేదాకా నోరు మెదపలేదని అంటారట.

“అంటే, తెలిసుండీ...” అని ఆగిపోయాడు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“ఏమైందండీ?” అంది అమ్మ.

“పక్కింటి పనమ్మాయి వీసా గడువు ఎప్పుడో అయిపోయింది. ఆ పిల్లకు తెలియకుండా కొత్త వీసా కొట్టించింది నేనే. మనకెందుకులే అనుకున్నా.”

“మరి వెళ్లి చెప్పండి.”

“రోజూ ఆ పక్కింటాయన మొహం చూడాలి కదే.”

“ఆ పిల్ల మొహం చూడక్కర్లేదా?”

నాన్న చెయ్యి కడుక్కుని వెళ్లి తలుపు కొట్టాడు. గుమ్మంలో నిలబడి, ఇంట్లో అందరూ వింటుండగా, అక్కకే చెప్పాడు. మా ఇంటి సంగతికి నువ్వెవరయ్యా అని పక్కింటాయన కేకలేశాడు. అక్క ఆయన వైపు తిరిగి, “అట్లయితే నన్ను పంపండి సార్” అంది. టిక్కెట్టు కొంటానని ఆయన ఒప్పుకునేదాకా ఆ గుమ్మం వదల్లేదు.

వారం తిరక్కుండా వెళ్లిపోయింది. పోటీలో నేను భయానికి మొదటి పేరా మళ్లీ ఎత్తుకుని, ఒక్కసారే చచ్చిపోయిన ఆ మహానుభావుణ్ని రెండుసార్లు పుట్టించాను. బహుమతి సంగతి అడక్కండి.

కొన్నాళ్లకు అక్క ఫోన్ చేసింది. తను చేరేసరికే వాళ్లమ్మకు మాట పడిపోయిందట. కూతుర్ని గుర్తుపట్టకుండానే పోయింది.

“సార్ సెప్పబట్టే అమ్మ నోట్లో నీళ్లన్నా పోస్తి పాపా. సార్‌కు ఇయ్యి ఫోను, ఒక మాట సెప్తా.”

నేను ఫోన్ చాచాను. నాన్న అందుకోలేదు.

ఇప్పుడు పెద్దదాన్నయ్యాను. ఎవరి బతుకుకు సంబంధించిన సంగతి తెలిసినా వాళ్లు అడిగేదాకా ఆగలేను, వెళ్లి చెప్పేస్తాను. నోట్లో నువ్వుగింజ నానదని ఇంట్లో వెక్కిరిస్తారు. నిజమే. ఎప్పుడైనా ‘మనకెందుకులే’ అనిపించబోతే, ఆ ఫోన్ వైపు చెయ్యి చాచలేక గోడ వైపు తిరిగి నిలబడ్డ నాన్న వీపు కళ్లముందుకొస్తుంది.