మీటర్లో నిండుగానే ఉంది

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కిన ఒకాయన నా పక్కన కూర్చుని, గోనెసంచిలో చుట్టిన బరువైన బ్యాటరీని కాళ్ల మధ్య పెట్టుకున్నాడు. అప్పుడే మా చెల్లెలు ఫోన్ చేసింది. నా భార్య పోయిన దగ్గర్నుంచి రోజూ చేస్తుంది, "ఎలా ఉన్నావన్నయ్యా?" అని.

"బాగున్నానమ్మా" అని ఎప్పటిలాగే పెట్టేశాను.

ఊరికే కూర్చోలేక, ఆ బ్యాటరీ దేనిదని ఆయన్ని అడిగాను.

"గోల్ఫ్ కార్టుది సార్. తుర్కయంజాల్ కాడ ఫంక్షన్ హాల్ల నడుపుత. పెండ్లికొచ్చినోళ్లను గేటు కాడికెల్లి లోపలికి తీస్కపోయే బండి. మార్చాలని దుకాణంకు తీస్కపోతే, మీటరు పెట్టి చూసి మంచిగనే ఉందని పంపిన్రు."

"మరి బాగానే ఉందిగా?"

ఆయన నవ్వాడు. "ఉత్తగున్నప్పుడు నిండుగనే చూపిస్తది సార్. ఖాళీ బండి గూడ మంచిగనే ఉరుకుతది. జనం ఎక్కినంక, ఎత్తు మీద చూడాలె. ఆడ గుంజలేక ఆగిందంటే, మీటరు ఏం చెప్పినా ఇనొద్దు. మార్చుడే."

ఎల్‌బీ నగర్ రాగానే లేచి, "జర ఒక చెయ్యి ఏస్తరా సార్?" అన్నాడు. చెరో కొస పట్టుకుని దింపాం. నా వేళ్లు ఎర్రబడ్డాయి. ఎవరైనా నన్ను సాయం అడిగి చాలా కాలమైంది. పేరైనా కనుక్కోకుండానే మళ్లీ బస్సెక్కాను.

మర్నాడు చెల్లెలు అదే ప్రశ్న అడిగింది. బాగున్నానని అనబోయి ఆగాను.

"ఒకసారి వచ్చి నాలుగు రోజులు ఉండి వెళ్లమ్మా" అన్నాను.

"ఇవాళే బయల్దేరనా?" అంది వెంటనే.