కంపపొదలో మామ గొంతు

మొన్నటి ఆదివారం నుంచి మా మామ నాతో మాట్లాడడం తగ్గించాడు. నాకు చెప్పాల్సినవన్నీ గుట్ట మీది నెమళ్ళకు చెప్తున్నాడు. ఎందుకో చెప్తా, టీ తాగుతూ వినండి.

నాకు చింతామణి టౌన్లో చిన్న కంప్యూటర్ సెంటర్ ఉంది. సెలవొస్తే కెమెరా మెడకేసుకుని బట్లహళ్ళి దగ్గరున్న అత్తగారి ఊరికి పోతా. భోజనానికి వస్తున్నానని మామ అనుకుంటాడు. నేను పోయేది పిట్టల కోసం. ఇంటి వెనకే చేను, చేను దాటితే గుట్ట, గుట్ట నిండా నెమళ్ళూ కౌజు పిట్టలూ.

ఈసారి మామ చేనంతా శెనక్కాయ విత్తాడు. విత్తనం మట్టిలో పడిందో లేదో, నెమళ్ళు సాలు పట్టుకుని తవ్వుకుంటూ పోతాయి. మళ్ళీ విత్తుదామంటే ఇంట్లో మిగిలింది కొంచెమే, వానను నమ్మడానికి లేదు. పాపం, ఆయన పొద్దస్తమానం గట్టు మీద నిలబడి అరిచి అరిచి గొంతు బొంగురు చేసుకున్నాడు.

“అల్లుడా, నా అరుపు ఆ పెట్టెలో పలికేతట్టు చెయ్యప్పా,” అన్నాడు. పెట్టె అంటే పెన్‌డ్రైవ్ పెడితే మోగే స్పీకర్. సరే, ఈ ఫోన్ ముందు అరువు మామా, అన్నా. అల్లుడి ముందు తిట్లా అని మొహమాటపడ్డాడు. నేను అటు తిరిగి నిలబడ్డాక మొదలుపెట్టాడు. తర్వాత ఆపడమే కష్టమైంది.

ఇక్కడే నా బుద్ధి వంకర తిరిగింది. ఆ ఆదివారం చిక్కబళ్ళాపూర్ నుంచి మంజునాథ్ వస్తున్నాడు. మా పిట్టల ఫోటోల గ్రూపులో అందెవేసిన చెయ్యి అతనిది. ‘మా గుట్టలో నెమళ్ళు రోజూ మన ముందుకొచ్చి ఆడతాయి సార్’ అని నేను ముందే కోతలు కోసి ఉన్నా. రాకపోతే పరువు పోతుంది కదా. అందుకని నెమలి కూతలు డౌన్‌లోడ్ చేసి ఇంకో పెన్‌డ్రైవ్‌లో ఎక్కించా. పక్షులను అలా పిలవడం తప్పని గ్రూపులో అందరూ అంటారు. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నా.

రెండు పెన్‌డ్రైవ్‌లూ మా సెంటర్లోవే, రెండూ నల్లవే. పొద్దున్నే ఒకటి చేనులోని పెట్టెకు పెట్టి స్విచ్ వేశా. వేసిన వెంటనే అది మోగదు, కాసేపాగి మోగేలా నేనే పెట్టా. మామ పెట్టెను ఒకసారి చూసుకుని, విత్తినప్పటి నుంచి మొదటిసారి నిశ్చింతగా బండి మీద ఊళ్ళోకి పోయాడు. నేను చిన్న స్పీకర్‌కు రెండోది పెట్టి, గుట్ట కింద కంపపొదలో దాచేశా.

మంజునాథ్ వచ్చాడు. ఇద్దరం బండ చాటున కూర్చున్నాం. నేను జేబులోని రిమోట్ నొక్కి, ఏమీ ఎరగనట్టు ఆకాశం వైపు చూశా.

పొదలోంచి మామ గొంతు లేచింది. “ఓరి తిండిపోతు నాయాళ్ళారా! కష్టపడేది ఒకరు, కూసోని తినేది ఒకరా? సిగ్గుండాదా మీకు? ఈ పక్క తల పెడితే కాళ్ళిరగ్గొడతా!”

గుట్ట మీదున్న పిట్టలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. మంజునాథ్ బైనాక్యులర్ దించకుండానే అడిగాడు. “ఇదు యావ పక్షి? ఏం పక్షి సార్ ఇది?”

నాకప్పుడు వెలిగింది. మామ ఇక్కడ పొదలో ఉంటే, చేనులో మోగుతున్నదేంటి? లేచి పరిగెత్తా.

చేను నిండా నెమళ్ళు. పెట్టె కూత పెడుతోంది, అవి బదులిస్తున్నాయి, మధ్యమధ్యలో సాళ్ళు తవ్వుకుని తింటున్నాయి. పిలిచి భోజనం పెట్టినట్టే ఉంది. ఒక మగనెమలి అయితే పెట్టె ఎదురుగా పింఛం విప్పి ఆడుతోంది. నా వెనకే వచ్చిన మంజునాథ్ గట్టు మీద కూర్చుని టపటపా ఫోటోలు తీస్తున్నాడు. “సార్, కొంచెం పక్కకు జరగండి, అడ్డం వస్తాండారు,” అన్నాడు.

నేను తోలడానికే పోయా, ఒట్టు. కానీ అంత దగ్గర్లో, అంత మంచి ఎండలో, విప్పిన పింఛం! ఒక్కటి తీసుకుని తోలేద్దాం అనిపించింది. మోకాలి మీద కూర్చుని కెమెరా ఎత్తా.

సరిగ్గా అప్పుడే గట్టు అవతల బండి ఆగింది.

మామ చూశాడు. చేనంతా నెమళ్ళు. మధ్యలో అల్లుడు, వాటికి ఫోటో తీస్తూ.

అల్లుణ్ణి తిట్టలేడు కదా, మర్యాద. అందుకని మట్టిపెళ్ళలు విసురుతూ నెమళ్ళను తిట్టాడు. అవి ఎప్పుడో ఎగిరిపోయాయి. ఆయన ఆపలేదు. రికార్డింగ్‌లో లేని కొత్త తిట్లు వచ్చాయి, చూపు మాత్రం నా మీదే. నాకు నిజంగా సిగ్గేసింది.

ఇంతా చేసి నా ఫోటోలో నెమలి మసక మసగ్గా వచ్చింది. వెనక బండి మీద మామ మాత్రం మీసంతో సహా స్పష్టంగా వచ్చాడు.

సాయంత్రం దాకా మామా నేనూ కూర్చుని, మిగిలిన గింజలు ఖాళీ సాళ్ళలో పెట్టాం. ఇంటికొచ్చాక ఆయన అత్తతో అన్నాడు. “పెట్టె వొద్దు, ఏమీ వొద్దు. రేపట్నుంచి నేనే పోయి అరుచుకుంటా.”

అత్త నాకు అన్నం వడ్డిస్తూ చాలా మామూలుగా చెప్పింది. “నువ్వు యాల అరిచేది? అల్లుడప్ప కెమెరా ఎత్తుకోని చేన్లో నిలబడితే చాలు. రెండేండ్లుగా చూస్తాండా, ఆయప్ప పోయిన కాడ ఒక్క పిట్టన్నా నిలిచిందా?”

ఇప్పుడు రోజూ పొద్దున, సెంటర్ తెరిచే ముందు, కెమెరా మెడలో వేసుకుని చేను మధ్యలో నిలబడుతున్నా. ఇప్పటిదాకా ఒక్క నెమలీ రాలేదు.