గిరిధర్ కుదిర్చిన ట్యూటర్

కూతురికి కంప్యూటర్ ట్యూటర్ కావాలని, ఆక్లాండు శివారు టకానినిలో ఉండే గిరిధర్ న్యూజిలాండ్ రెండు దీవులనూ జల్లెడ పట్టాడు. ఉత్తరాన దీపస్తంభం దగ్గర మొదలుపెట్టి దక్షిణాన నేల అయిపోయేదాకా వెళ్లాడు. దారిలో గొర్రెల ఉన్ని కత్తిరించేవాణ్ని ఆపి పైథాన్ వచ్చా అని అడిగాడు. రెండు దీవుల మధ్య తిరిగే ఫెర్రీలో కెప్టెన్‌కే ఇంటర్వ్యూ పెట్టి, లాజిక్ సరిగా లేదని ఫెయిల్ చేశాడు. టౌరంగా నుంచి పామర్‌స్టన్ నార్త్ దాకా తెలుగువాళ్లు నలుగురు కూడి గిన్నెల మూతలు తీసిన ప్రతిచోటా ఈ సంగతి ఇలాగే చెప్పుకుంటారు. ఎవరూ ఒక్క గొర్రెను కూడా తగ్గించరు.

మనిషిని చూస్తే మాత్రం అంత కథ కనిపించదు. నలభై నాలుగేళ్లవాడు, పొట్టివాడు, ఒంటిమీద మెరిసే పసుపు జాకెట్టు, కింద తెల్లటి వ్యాను. పదకొండేళ్లుగా కొరియర్ పని. టకానినిలో కొత్త కాలనీలు లేస్తున్నప్పుడు కౌన్సిలువాళ్లు వీధులకు పేర్లు పెట్టకముందే గిరిధర్ అక్కడ పార్సిళ్లు ఇచ్చి సంతకాలు తీసుకున్నాడంటారు. మ్యాపులు గీసేవాళ్లు దారి తప్పితే ఆ వ్యాను వెనకే వచ్చేవాళ్లట. కుక్కల సంగతి సరేసరి. ఆ చుట్టుపక్కల కరిచే కుక్కలన్నీ అతనికి బంధువులే.

ఇలాంటి మనిషికి కంప్యూటర్లలో డిగ్రీ ఉందంటే నమ్మడం కష్టం. ఉంది. హన్మకొండ నుంచి హైదరాబాదుకు వెళ్లి చదివాడు. ఆఖరి ఏడాది ప్రాజెక్టు కోసం నలుగురు స్నేహితులు కలిసి ఒక దుకాణానికి వెళ్లారు, లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ ఒకటి కొనుక్కొచ్చారు, నల్ల అట్ట వేయించి బంగారు అక్షరాలు కొట్టించారు. అప్పట్లో అందరూ చేసిన పనే. ఆ రోజుల్లో తెలుగు పిల్లలు కాగితాల మీద నడిపిన లైబ్రరీలన్నీ నిజంగా ఉండి ఉంటే మనిషికి రెండు లైబ్రరీలు దక్కేవి. పరీక్షకు వచ్చిన పెద్దాయన కాలేజీ క్యాంటీను ఎక్కడో అడిగి, టీ తాగి, నలుగురికీ ఫస్ట్ క్లాసు ఇచ్చి వెళ్లిపోయాడు.

దాని బాకీ ఆక్లాండులో తీరింది. విద్యార్థిగా వచ్చి, డిప్లొమా చేసి, మొదటి ఇంటర్వ్యూకు వెళితే ఒకావిడ అతని చేతికి మార్కరు ఇచ్చి, తెల్లబోర్డు చూపించి, ఆరు లైన్ల ప్రోగ్రాం రాయమంది. గిరిధర్ మార్కరు మూత తీశాడు. కాసేపటికి మళ్లీ పెట్టాడు. ఆవిడ మర్యాదగా మంచినీళ్లు ఇచ్చింది. ఆ తర్వాతే ఈ వ్యాను, రెండు నెలల కోసమని. భార్య విజయకు కూడా ఆ బోర్డు సంగతి చాలా ఏళ్లకు గాని చెప్పలేదు. కూతురు ప్రణీతకు అసలే చెప్పలేదు. ఆ పిల్ల ఎప్పటికీ అలాంటి బోర్డు ముందు చేతగాక నిలబడకూడదన్నది ఒక్కటే అతని కోరిక.

అందుకే హైస్కూల్లో ప్రణీత కంప్యూటర్ సైన్స్ తీసుకున్న రోజు గిరిధర్ వీధంతా మిఠాయి పంచాడు. పక్కింటి కివీ ముసలాయనకు, అంటే ఈ దేశపు మనిషికి, షుగరు ఉందని తెలిసీ రెండు లడ్డూలు ఇచ్చాడు. మొదటి టర్ము బాగానే గడిచింది. ఆ తర్వాత ఇంటర్నల్ వచ్చింది. అంటే ఎవరికివాళ్లు సొంతంగా ఒక ప్రోగ్రాం తయారు చేసి టర్ము చివర అప్పగించాలి. టీచరే మార్కు వేస్తాడు. అది పాసైతేనే వచ్చే ఏడు పై క్లాసు, ఆ పైన యూనివర్సిటీ.

ఒక ఆదివారం టిఫిన్ దగ్గర ప్రణీత తలెత్తకుండా అడిగింది. తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడటం ఆ పిల్లకు ఇంగ్లీషులోనే సులువు. "డాడ్, ఐయామ్ స్టక్. నువ్వు కంప్యూటర్స్ చదివావ్ కదా. కెన్ ఐ ఆస్క్ యూ సంథింగ్?"

గిరిధర్‌కు తెల్లబోర్డు కనిపించింది. "అదంత మర్చిపోయిన బిడ్డా. మంచి ట్యూటర్‌ని పెడ్త నీకు," అన్నాడు.

"ట్యూటర్ కాదు, జస్ట్..." అని ఆ పిల్ల ఏదో అనబోయింది. గిరిధర్ అప్పటికే ఫోను తీశాడు.

మొదట టౌరంగా కృష్ణారావుకు చేశాడు. ఆయన అక్కడ కివీ పండ్ల ప్యాక్‌హౌసులో సూపర్‌వైజరు. దేశంలో ఏ తెలుగువాడు ఏ ఊళ్లో ఏ అద్దె ఇంట్లో ఉన్నాడో ఆయనకు నోటికి వచ్చు. మనవాళ్లు పదిమంది ఉంటే పన్నెండుమంది సాఫ్ట్‌వేరే కదా, ట్యూటరు దొరకడం ఒక లెక్కా అని నవ్వి, పామర్‌స్టన్ నార్త్‌లో హర్షవర్ధన్ అనే కుర్రాడి నంబరు ఇచ్చాడు.

ఈలోగా విజయ పాపాకురా లైబ్రరీ నోటీసుబోర్డు మీది ట్యూషన్ చీటీ ఒకటి ఫొటో తీసుకొచ్చింది. మార్గరెట్ అని, రిటైరైన కివీ టీచరు. గిరిధర్ ఆమెకూ ఫోను చేశాడు. మీ అమ్మాయి ఏం తయారు చేయాలనుకుంటోంది అని ఆమె అడిగింది. గిరిధర్‌కు తెలియదు. ఫరవాలేదు, అమ్మాయే చెబుతుందిలే అంది. తాను మాత్రం కీబోర్డు ముట్టనని, పక్కన కూర్చుని ప్రశ్నలు అడుగుతానని, అమ్మాయే ఆలోచించుకుని టైపు చేయాలని చెప్పింది. గిరిధర్ థాంక్యూ చెప్పి పెట్టేశాడు.

"ఫీజు మనమియ్యాల్నట, ప్రశ్నలు ఆమె అడుగుతదట. మరి జవాబులెవలు చెప్తరు?" అన్నాడు విజయతో.

"అడగనియ్యి. పిల్ల నోరిప్పి ఎన్ని దినాలయె. ఆమెతోనన్న ముచ్చట పెడ్తది," అంది విజయ.

"ముచ్చటకు మార్కులేస్తరా?" అని గిరిధర్ మూడో ఫోను హర్షవర్ధన్‌కు చేశాడు.

హర్షవర్ధన్ గుంటూరు కుర్రాడు, బంగారు పతకం తెచ్చుకున్నవాడు. అతను టైపు చేస్తుంటే కీబోర్డులో పొగ వచ్చేదని, కంపెనీవాళ్లు బల్ల పక్కన అగ్నిమాపక సిలిండరు పెట్టారని కృష్ణారావు చెప్పేవాడు. మనసు కూడా మంచిదే. ఎవరికీ కాదని చెప్పడం చేతకాదు. "మీరేం టెన్షన్ పడకండి అన్నా. అన్నిటికంటే పై గ్రేడు, ఎక్సలెన్స్, రాకపోతే నన్నడగండి," అన్నాడు. ఆ మాట వినగానే గిరిధర్ గుండెల మీది బరువు దిగింది.

నాలుగు ఆదివారాలు వీడియోలో పాఠం జరిగింది. హర్షవర్ధన్ గడగడా చెప్పుకుపోయేవాడు, ప్రణీత తల ఊపేది. తను చేస్తున్నది చూపిస్తే అతను నవ్వి, బానే ఉంది గాని చిన్నపిల్లల ఆటలా ఉందన్నాడట. తర్వాత గిరిధర్‌కు విడిగా ఫోను చేసి, తనకు ఆఫీసులో పని ఎక్కువైందని, పూర్తిగా తయారుచేసిన ప్రోగ్రాం ఒకటి పంపుతున్నానని చెప్పాడు. అమ్మాయి అది చూసి నేర్చుకుంటుంది, మరీ టైము లేకపోతే అదే పెట్టేసినా పోయేదేం లేదన్నాడు. గిరిధర్‌కు ఇందులో తప్పేమీ తోచలేదు. ప్రాజెక్టంటే అతనికి తెలిసింది అదే. ఆ ఫైలును కూతురి ల్యాప్‌టాప్‌లో తనే ఎక్కించాడు. ప్రణీత దాన్ని తెరవనైనా లేదు.

అప్పగించాల్సిన శుక్రవారం ప్రణీతకు జ్వరం. విజయ ముసలివాళ్లను చూసుకునే రెస్ట్‌హోములో డ్యూటీలో ఉంది. మధ్యాహ్నం రెండు వీధుల పార్సిళ్లు ఆపుకుని గిరిధర్ మాత్రలు తెచ్చి ఇచ్చాడు. దుప్పట్లోంచి పిల్ల అంది, నాలుగింటిలోపు పెట్టాలి, స్కూలు పేజీ తెరిచే ఉంది, డెస్క్‌టాప్ మీద ఫోల్డరు ఉంది, కాస్త అప్‌లోడ్ చేసిపెట్టమని. అని కళ్లు మూసుకుంది.

ఫోల్డర్లు రెండున్నాయి. ఒకటి హర్షవర్ధన్ పంపింది, పెద్దది, లోపల నలభై ఫైళ్లు. ఇంకోటి ప్రణీతది, అందులో ఒకటే ఫైలు. పదకొండేళ్లు పార్సిళ్లు మోసిన చేయి కదా, బరువైనదే విలువైనదనుకుంది. గిరిధర్ పెద్దదాన్ని ఎక్కించాడు. చిన్నదాన్ని తెరవలేదు. పిల్ల నుదురు తాకి, "పెట్టేసిన బిడ్డా, పండుకో," అని చెప్పి వ్యాను ఎక్కాడు. ఆ సాయంత్రం అతని ఈల విని టకానిని పిట్టలు సిగ్గుతో గూళ్లలోకి వెళ్లిపోయాయట.

రెండు వారాల తర్వాత స్కూలు నుంచి పిలుపు వచ్చింది.

టీచరు నెమ్మదైన మనిషి. బల్ల మీద కాగితాలు పరిచాడు. ఈ ప్రోగ్రాంలో ఏ ముక్క ఏం చేస్తుందో ప్రణీతను అడిగానని, ఆమె చెప్పలేకపోయిందని అన్నాడు. ఎవరు రాశారంటే ట్యూటరు దగ్గర తీసుకున్నానంది, పెట్టింది ఎవరంటే నేనే అంది. నిబంధన ప్రకారం ఫెయిల్ వేయక తప్పదు. తనకు అంతుపట్టని సంగతి ఒకటే. ఈ పిల్ల ఆరు వారాలుగా తన కళ్ల ముందే వేరే ప్రోగ్రాం రాస్తోంది, బాగా రాస్తోంది. అదేదని అడిగితే చెరిపేశానంటోంది.

గిరిధర్ నోరు తెరిచాడు. పక్కనున్న ప్రణీత అతనికంటే ముందే అంది, "డాడ్‌కు దీని గురించి తెలీదు, సర్."

ఆ మాట ఇంగ్లీషులో అంది, టీచరు వైపు చూస్తూ అంది. గిరిధర్ నోరు మూసుకున్నాడు. ఆ గదిలో తెల్లబోర్డు ఒకటి ఉంది. బయటికి వచ్చేదాకా అతను దానివైపు చూడలేదు.

మర్నాడు మాత్రం పార్సిళ్లు వ్యానులోనే వదిలేసి ఒంటరిగా స్కూలుకు వెళ్లి, పెట్టింది నేనే అని చెప్పాడు. అయితే ఆమె రాసింది తీసుకురమ్మనండి, చెరిపేసినా మళ్లీ రాయొచ్చు, ఇంకా వారం టైమిస్తాను అన్నాడు టీచరు. ప్రాణం లేచొచ్చి గిరిధర్ ఆ సాయంత్రమే కూతురికి చెప్పాడు. ప్రణీత గోళ్లవైపు చూసుకుంటూ విన్నది. ఆ సబ్జెక్టు మానేసి వంట క్లాసులో చేరానని, కాగితాలు కూడా అయిపోయాయని చెప్పింది.

"నా మీద కోపంతోని నీ చదువు పాడుచేసుకోకు బిడ్డా. నాలుగు మాటలు తిట్టు నన్ను," అన్నాడు గిరిధర్.

ఆ పిల్ల తిట్టలేదు. మాటలు వెతుక్కుని తెలుగులోనే చెప్పింది. "కోపం లేదు డాడ్. నాది చిన్నగ ఉంది అనుకున్నావ్ కదా. ఓపెన్ కూడా చెయ్యలే."

తర్వాత లేచి తన గదిలోకి వెళ్లి తలుపు మెల్లగా వేసుకుంది. విసురుగా వేసినా బాగుండేదనుకున్నాడు గిరిధర్.

ల్యాప్‌టాప్ అప్పటినుంచి భోజనాల బల్ల మీదే ఉండిపోయింది. రెండు వారాల తర్వాత ఒక శనివారం పొద్దున ఇంట్లో ఎవరూ లేనప్పుడు గిరిధర్ దాన్ని తెరిచాడు. చిన్న ఫోల్డరు అక్కడే ఉంది. పిల్ల చెరిపేయలేదు. లోపల నూట ముప్పై లైన్లు. చాలావరకు అర్థం కాలేదు. కానీ పైన నాలుగు లైన్లు మామూలు ఇంగ్లీషులో, రాసేవాళ్లు తమకోసం రాసుకునే గుర్తుల్లా ఉన్నాయి.

డాడ్ రోజూ నూట నలభై ఇళ్లకు వెళ్తాడు. తినడానికి ఆగడు. అడ్రసులు ఇస్తే ఏ ఇల్లు ముందో ఏది తర్వాతో చెప్పాలి. ఆయనకు అరగంట మిగలాలి.

కింద అతను తిరిగే వీధుల పేర్లన్నీ ఉన్నాయి, అతను ఫోనులో ఎలా చెబుతాడో ఆ వరసలోనే. గిరిధర్ వేలు పెట్టి ఒక్కొక్కటి చదువుకుంటూ పోయాడు. తొంభయ్యో లైను దగ్గర ఒక ముక్క ఖాళీగా వదిలి, మిగతాది కింద పూర్తి చేసి ఉంది. అక్కడ ఇంకో గుర్తు. పన్నెండు ఏ, పన్నెండు బీ రెండిళ్లకూ ఒకటే దారి ఉంటే డాడ్ వ్యాను ఒకసారి ఆపుతాడా, రెండుసార్లా? డాడ్‌ని అడగాలి.

పక్కన తేదీ వేసుకుంది. ఆ ఆదివారమే, టిఫిన్ నాడు.

"ఒక్కసారే," అన్నాడు గిరిధర్ తెర వైపు చూసి. న్యూజిలాండ్ మొత్తం మీద ఆ జవాబు తెలిసినవాడు అతనొక్కడే. ఆ ముక్క అతిశయోక్తి కాదు. వ్యాను డ్యూటీ మొదలయ్యే వేళకు ఫోను మోగింది. మోగి మోగి ఆగిపోయింది. విజయ వచ్చేసరికి అతను బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. ఆమె ఆ నాలుగు లైన్లు చదివి పక్క కుర్చీలో కూర్చుంది.

దసరాకు పాపాకురా హాల్లో తెలుగువాళ్లంతా కలిశారు. టౌరంగా నుంచి కృష్ణారావు కూడా వచ్చాడు. పిల్లల కోసం తల్లిదండ్రులు పడే పాట్ల మీదకు మాట మళ్లేసరికి ఆయన మొదలుపెట్టాడు, రెండు దీవులు, గొర్రెలు, ఫెర్రీ కెప్టెన్. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. ప్రణీత రాలేదు. శనివారాలు ఒక కేఫ్‌లో పనికి కుదిరింది. నవ్వులు అయ్యాక అభినయ్ అనే యువకుడు కుర్చీ జరుపుకుని గిరిధర్ పక్కకు వచ్చాడు. అతని చెల్లెలు ఈ ఏడే కంప్యూటర్ సైన్స్‌లో చేరిందట. అంత కష్టపడి మంచి ట్యూటర్‌ని ఎట్లా పట్టారన్నా, ఎక్కడెక్కడ తిరిగారన్నా, మాకూ చెప్పండి అని అడిగాడు.

గిరిధర్ ప్లేటు కింద పెట్టాడు.

"నేనెక్కడికీ తిరగలే తమ్మీ. ఇంట్ల కూసొని మూడు ఫోన్లు చేసిన, గంతే. నా బిడ్డ ఏం అడుగుతున్నదో మాత్రం వినలే."