ఇద్దరు వెంకటలు

పాలు వాసన చూడకుండా పార్థసారథి ఏనాడూ కాఫీ కలపలేదు. డబ్బా మీద గడువు తేదీ ఇంకా దాటకపోయినా సరే, మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకోవాల్సిందే. మాంచెస్టర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం ఆయనది. పక్కవాడు రాసిన ప్రోగ్రాములో తప్పులు కనిపెట్టినందుకే జీతం. ఇంటికొచ్చాక కూడా ఆ బుద్ధి చొక్కాతోపాటు విప్పేసేది కాదు.

"పెళ్లిచూపుల్లో నేను పాడుతుంటే ఎక్కడ శ్రుతి తప్పుతుందా అని కాచుకు కూర్చున్నారు మీరు" అని దెప్పేది భార్య రత్నకుమారి.

"తప్పింది కదా మరి" అనేవాడాయన.

ఆవిడ పోయి ఏడాది దాటింది. కిడ్నీలు దెబ్బతిని, వారం వారం డయాలసిస్‌తో లాక్కొచ్చి, చివరికి అదే హాస్పిటల్లో కన్నుమూసింది. పోయేముందు ఒక్క మాట అంది. "రఘుని కనిపెట్టుకుని ఉండండి."

రఘు ఆవిడ తమ్ముడు. వృద్ధుల్ని చూసుకునే కేర్ హోమ్‌లో ఉద్యోగం దొరికి తెనాలి నుంచి వచ్చినప్పటి నుంచీ వాళ్ల ఫ్లాట్‌లోనే ఉంటున్నాడు. కుర్రతనంలో మూడుముక్కలాట పిచ్చిలో పడి, ఇల్లు వదిలి ఎక్కడెక్కడో పడి తిరిగినవాడు. అక్కే వెతికించి, తిట్టి, మనిషిని చేసింది. అందుకే ఆవిడ చివరి మాట పార్థసారథికి తేలిగ్గానే బోధపడింది. అప్పటి నుంచీ కనిపెడుతూనే ఉన్నాడు. బామ్మర్ది ఫోనెప్పుడు మోగుతోంది, వరండాలోకి వెళ్లి ఎవరితో గుసగుసలాడుతున్నాడు, అన్నీను.

గురువారాలే అంతుపట్టేవి కావు. రఘుకి ఆ రోజు డ్యూటీ లేదు. అయినా చీకటి పడ్డాక తడిసిన బూట్లతో వచ్చేవాడు. అడిగితే, "డ్యూటీ రోటా మార్చారు బావగారూ" అనేవాడు మొహం చూడకుండా.

గురువారం సాయంత్రాలు పార్థసారథి కూడా బయటికి వెళ్లేవాడు. వాకింగ్ అని చెప్పేవాడు. నిజానికి ట్రామ్ దిగి, బస్సు మారి, ఆ హాస్పిటల్ కింద క్యాంటీన్‌లో కూర్చునేవాడు. గురువారాలు రత్నకుమారికి డయాలసిస్ జరిగినంతసేపూ వెనకటికి అక్కడే కూర్చునేవాడు మరి. ఒక టీ తాగి తిరిగొచ్చేవాడు. ఒకరితో చెప్పుకోవాల్సిన సంగతిగా అది ఆయనకు ఎప్పుడూ తోచలేదు.

అలా ఉండగా, ఆఫీసులో సృజన్‌కి నార్తాంప్టన్ బదిలీ అయింది. వరంగల్ కుర్రాడు. శనివారం భోజనానికి ఫ్లాట్‌కి వచ్చి పట్టు పట్టాడు.

"ఊరిడిచి పోతున్న అన్నా. గంత పెద్ద క్యాసినో లోపట ఎట్లుంటదో సూడకుండనే పోవాల్నా?"

వెంట వచ్చిన ఫయాజ్‌ది కర్నూలు. "నేనొస్తా గానీ ఆడను. మాకు కూడదు. చిప్స్ తినుకుంటా కూర్చుంటా" అన్నాడు.

"ఆడ చిప్స్ అంటె పందెం బిళ్లలు భాయ్, తినేటియి కావు, పోగొట్టుకునేటియి!"

అందరూ నవ్వారు, రఘు తప్ప. క్యాసినో మాట వినగానే అతని చేతిలో ముద్ద ఆగిపోవడం పార్థసారథి చూశాడు.

"నేనూ వస్తాన్రా" అన్నాడు సృజన్‌తో, కళ్లు మాత్రం బామ్మర్ది మీదే ఉంచి.

"అయితే నేనూ వస్తా" అన్నాడు రఘు వెంటనే. మరీ వెంటనే.

పార్థసారథి చెయ్యి కడుక్కుంటూ మనసులో ఒక నిర్ణయానికి వచ్చాడు. వీడు మళ్లీ ఆటలో పడ్డాడని ఈ రాత్రి తేలితే రేపే వేరే గది చూసుకోమనాలి. రత్నకుమారి తాలూకు మనిషంటూ ఈ ఊళ్లో ఇంకెవరూ మిగల్లేదు. వీడూ వెళ్లిపోతే ఆవిడ గురించి మాట్లాడుకోవడానికి కూడా దిక్కుండదు. అయినా, తన కళ్ల ముందు వీడు పాడైపోతే ఆవిడకేం సమాధానం చెప్పుకోవాలి?

క్యాసినో గుమ్మం లోపల బల్ల దగ్గర ఒక పిల్ల కూర్చుని ఉంది. సృజన్ నలుగురి డ్రైవింగ్ లైసెన్సులూ దొంతిగా పెట్టి ఇచ్చాడు. ఆ పిల్ల ఒక్కొక్కటే మిషన్ కింద పెడుతూ, స్క్రీన్ మీంచి తల ఎత్తకుండానే నవ్వింది.

"వెల్‌కమ్ బ్యాక్, మిస్టర్ వెంకట!"

పార్థసారథి చప్పున బామ్మర్ది వైపు చూశాడు. కాగితాల మీద ఆయన వెంకట పార్థసారథి. రఘు వెంకట రఘురాం. ఈ దేశంలో ముందున్నదే పేరు గనక ఆఫీసులో ఆయనా, కేర్ హోమ్‌లో రఘూ, ఇద్దరూ వెంకటలే. ఆయన ఈ గడప తొక్కడం ఇదే మొదలు.

"మీ ఇద్దర్ల ఏ వెంకట?" అన్నాడు సృజన్.

"ఈ ఊళ్లో వెంకటలకేం కొదవ? ఎవరినో చూసి ఎవరో అనుకుంది" అని రఘు చకచకా లోపలికి నడిచాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

లోపల తిరునాళ్లంత సందడి. గోడకు గడియారం లేదు, కిటికీ లేదు. గోళీ తిరిగే రూలెట్ చక్రం చుట్టూ ముసలీ ముతకా, సూట్లూ చెప్పులూ. సృజన్ పందెం పెట్టిన నంబరల్లా తప్పుతోంది, వాడు ఇంకా గట్టిగా నవ్వుతున్నాడు. ఫయాజ్‌కి నిజంగానే తినే చిప్స్ దొరికాయి.

పార్థసారథి ఆట చూడలేదు. రఘుని చూశాడు. టాయిలెట్ ఎటని ఫయాజ్ అడిగితే వెతుక్కోకుండా చెయ్యి చూపించాడు. ఉచితంగా టీ ఇచ్చే మూల కూడా తెలుసు. ముక్కలు పంచే అమ్మాయి అతన్ని చూసి తల పంకించింది. అంత తెలిసినవాడు ఒక్క పందెమూ కాయలేదు. ఎవరు ఎవరిని గుర్తుపడతారా అన్నట్టు బల్ల బల్లకీ తిరిగి మనుషుల మొహాల్లోకి చూస్తున్నాడు, మధ్య మధ్య బావగారి వైపు తిరిగి చూస్తున్నాడు. నా ముందు దాస్తున్నాడు, అనుకున్నాడు పార్థసారథి. చేతిలో టీ చల్లారిపోయింది.

"ఆడవేం?" అని అడిగేశాడు.

"మీరు ఆడరేం?" అన్నాడు రఘు.

ఆ ఎదురు ప్రశ్నతో ఆయన తేల్చేసుకున్నాడు. రేపు పొద్దున్నే చెప్పేయాలి.

బయటికొచ్చేటప్పటికి గుమ్మంలో నల్లకోటు కాపలాదారు డ్యూటీ ఎక్కి ఉన్నాడు. రఘుని చూసి మొహం విప్పార్చుకున్నాడు. పార్థసారథిని ఎగాదిగా చూశాడు.

"దొరికాడా చివరికి? నీ ఫోన్‌లో ఫొటో ఈయనదేగా! అంతా కులాసాయేనా?" అన్నాడు ఇంగ్లీషులో.

రఘు తల దించుకున్నాడు. సృజన్, ఫయాజ్ ముందు నడుస్తున్నారు. పార్థసారథి ఆగిపోయాడు.

"నా ఫొటో వీడికెందుకు చూపించావురా?"

"గురువారాలు వాకింగంటారు. గొడుగు కూడా లేకుండా పోతారు. వచ్చాక అన్నం తినరు. ఒకరోజు మీ వెనకాలే ట్రామెక్కాను. ఇక్కడ దిగి ఈ సందు మలుపు తిరిగారు. నేనొచ్చేసరికి లేరు. మలుపులో ఉన్నది ఈ క్యాసినోయే కదండీ. అక్క పోయిన దిగులులో దీంట్లో పడ్డారేమోనని..." రఘు క్యాసినో గుమ్మం వైపు ఒకసారి చూశాడు. "ఆ రుచి నాకు తెలుసు బావగారూ. వారం వారం లోపలికెళ్లి మీకోసం వెతికాను. అడగాలంటే నోరు రాలేదు."

ఆ మలుపులోనే పార్థసారథి ఎక్కే హాస్పిటల్ బస్సు ఆగేది.

"నీకెందుకురా ఇదంతా?"

"అక్క చెప్పింది. బావగారిని కనిపెట్టుకుని ఉండరా అని."

పార్థసారథితో ఆవిడ అన్నదీ అదే మాట. ఆఫీసులో తప్పులు కనిపెట్టే అర్థంలోనే ఆ మాటను ఇంటికీ తెచ్చుకుని, ఏడాదిపాటు ఈ కుర్రాడి బూట్ల తడి చూశాడే తప్ప, ఆ తడి ఎవరికోసమో చూడలేదు. ఒకరిని చూసుకోమని ఒకరికి అప్పజెప్పి వెళ్లిందావిడ. చూసుకోవడమంటే ఏమిటో వీడికే తెలిసింది.

ట్రామ్ దగ్గర నుంచి సృజన్ కేకేశాడు. "అన్నా, ఏం గెలిచిన్రు మీరిద్దరు, గంత ఎనకవడ్డరు?"

పార్థసారథి రఘు జాకెట్ కాలర్ సరిచేశాడు.

"నేను వెళ్లేది అక్క ఉన్న హాస్పిటల్‌కేరా. కింద క్యాంటీన్‌లో కూర్చుంటాను. అంతే" అన్నాడు. కాస్త ఆగి, "గురువారం నువ్వూ రా. అక్కడి పాలు అంత మంచివి కావు, చెబుతున్నా" అన్నాడు.