ఎనిమిది ఇళ్ళ రాజ్యాంగం

విలువలు అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మాట మీద ఏళ్ళ తరబడి చదివి, మూడు వందల పేజీలు రాసి, డాక్టరు పట్టా పుచ్చుకున్నవాణ్ణి కాబట్టి ఇంకాస్త ఎక్కువే మండుతుంది.

డెబ్బైల చివర్లో డెట్రాయిట్ దగ్గర ఒక యూనివర్సిటీలో రాజనీతిశాస్త్రంలో పరిశోధన చేసేవాణ్ణి. నా విషయం యూరప్ దేశాల కూటమి. అప్పటికి అందులో తొమ్మిది దేశాలు. గ్రీసు పదోదిగా చేరడానికి గుమ్మంలో నిలబడి ఉంది. ఆ దేశాల నాయకులు ఏ వేదిక ఎక్కినా, తమను కలిపి ఉంచుతున్నది బొగ్గూ ఉక్కూ వెన్నా కాదని, ఉమ్మడి విలువలని అనేవారు. అది నిజమా కాదా తేల్చడం నా పని. గుంటూరు జిల్లాలో మిషన్ బడిలో చదువుకున్నవాడికి ఫ్రెంచివాళ్ళ విలువలతో ఏం పనని మా నాన్న ఉత్తరంలో అడిగాడు. స్కాలర్‌షిప్ దానికే ఇచ్చారని జవాబు రాశాను.

మా ప్రొఫెసరు తెల్లాయన, మితభాషి. నేనిచ్చిన ప్రతి అధ్యాయం అంచునా పెన్సిల్‌తో ఒకే ప్రశ్న రాసి తిప్పి పంపేవాడు. ఈ విలువ కోసం ఎవరైనా, ఎప్పుడైనా, ఏమైనా వదులుకున్నారా? నాలుగోసారి ఆ ప్రశ్న చూసినప్పుడు కాగితాలు నేలకేసి కొట్టాలనిపించింది. ఆయనకేం, ప్రశ్న రాయడానికి అర నిమిషం. జవాబు వెతకడానికి నాకు అర సంవత్సరం పట్టింది.

వెతికితే దొరికింది చెబుతాను. అరవైల్లో గ్రీసులో సైనికాధికారులు గద్దెనెక్కి జనాన్ని జైళ్ళలోకి తోశారు. అప్పటికి ఆ దేశం కూటమిలో సభ్యురాలు కాదు, ఒప్పందం మాత్రం ఉంది. విలువలకు విరుద్ధం కాబట్టి ఒప్పందాన్ని స్తంభింపజేశామని కూటమి ప్రకటించింది. కాగితాలు తిరగేస్తే సుంకాలు మాత్రం ముందు అనుకున్న ప్రకారమే తగ్గుతూ పోయాయి. స్పెయిన్ సంగతీ అంతే. నియంత ఉన్నన్నాళ్ళూ లోపలికి రానివ్వలేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ నియంత బతికుండగానే వ్యాపార ఒప్పందం కుదుర్చుకున్నారు. వీధి గుమ్మానికి గొళ్ళెం పెట్టి దొడ్డి గుమ్మం తీసి ఉంచారన్నమాట. ఇదంతా రాస్తూ యూరప్ వాళ్ళను మనసులో తెగ తిట్టుకునేవాణ్ణి. ఆ వయసులో మనిషికి ఇతరులను తిట్టుకోవడంలో గొప్ప హాయి ఉంటుంది.

ఆ రోజుల్లోనే మావాళ్ళు కూడా ఒక కూటమి పెట్టుకున్నారు. డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగు క్రైస్తవ కుటుంబాలు అప్పటికి ఎనిమిది. కొందరు లూథరన్లు, కొందరు బాప్టిస్టులు, రెండు కుటుంబాలు కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మరో సంఘంవాళ్ళు. నెలకో ఆదివారం ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో తెలుగులో ప్రార్థన చేసుకునేవాళ్ళం. ఆ చర్చివాళ్ళు మంచివాళ్ళే గాని పద్ధతిగల మనుషులు. తాళంచెవి మీకే ఇస్తాం, మీరు ఏం నమ్ముతారో ఒక పేజీ రాసి, ప్రతి కుటుంబం తరఫునా ఒక సంతకం పెట్టి ఇవ్వండన్నారు. మాకందరికీ పెద్దగా వ్యవహరించే ఆయన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవారు, కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆయన నావైపు తిరిగి, తమ్ముడూ, నువ్వు దేశాల యూనియన్ మీదే చదువుతున్నావుగా, ఎనిమిది ఇళ్ళకి రాజ్యాంగం రాయలేవా అన్నారు. పెళ్ళికాని ఒంటరివాణ్ణి కాబట్టి నాకు ఓటు లేదు, కలం మాత్రం ఇచ్చారు.

మూడు నెలలు పట్టింది. తొమ్మిది దేశాలు చేపల వాటా మీద కొట్టుకున్నంతగా మావాళ్ళు బాప్తిస్మం మీద కొట్టుకున్నారు. నీళ్ళలో ముంచాలని ఒకరు, చిలకరిస్తే చాలని ఒకరు. ప్రభు భోజనంలో ద్రాక్షరసం ఒకే గిన్నెలోనా, చిన్న చిన్న గ్లాసుల్లోనా. ప్రార్థన నిలబడా, కూర్చునా. పాము చావకుండా కర్ర విరగకుండా వాక్యాలు అల్లీ అల్లీ నా తల ప్రాణం తోకకొచ్చింది. ఒకాయన కామా తీసేయమంటే ఇంకొకాయన తన కామా ఎందుకు తీశారని ఫోన్ చేసేవాడు. ఒక్క వాక్యం మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. క్రీస్తునందు మనలో హెచ్చుతగ్గులు లేవు. రాసిన నిమిషంలో అందరూ ఆమెన్ అన్నారు. దానికి ఖర్చేమీ లేదు కదా.

ఆ ఎనిమిది ఇళ్ళలో ఒక ఇల్లు ఒక నర్సుది. నేను ఆమెను అక్కా అని పిలిచేవాణ్ణి. మాలో అందరికన్నా ముందు ఆ ప్రాంతానికి వచ్చింది ఆమే. కొత్తగా దిగిన ప్రతి కుటుంబాన్నీ తన కారులో తిప్పి, డ్రైవింగ్ లైసెన్సు దగ్గర్నుంచి పిల్లల టీకాల దాకా చూసింది. పెద్దాయన గారి అమ్మాయి కాన్పుకి సెలవు పెట్టి పగలంతా పక్కన నిలబడింది. ఆయన బీపీ మాత్రలు మార్చాలంటే డాక్టరు కన్నా ముందు ఈమెకే ఫోన్ వచ్చేది.

మావాళ్ళలో కులం ఏమిటని ఎవరూ అడగరు. అది పాపం. ఏ ఊరని అడుగుతారు. ఆ ఊళ్ళో చర్చికి ఏ వైపని అడుగుతారు. తాతగారికి బాప్తిస్మం ఇచ్చిన మిషనరీ దొరగారు ఎవరని అడుగుతారు. మూడు ప్రశ్నలయ్యేసరికి అడగని ప్రశ్నకు జవాబు వచ్చేస్తుంది. అక్క వాళ్ళది ఊరి చివర పేట. మా తాతలదీ ఊరి బయటే, కాకపోతే ఆ పేటకి నాలుగడుగులు ఇవతల. ఊరు మమ్మల్ని ఎంత దూరం పెట్టిందో, మేము వాళ్ళను అంత దూరం పెట్టాం. ఒకే చర్చిలో, ఒకే పాట పాడుతూ, చెరో పక్కన కూర్చున్నాం. సముద్రాలు దాటినా ఆ నాలుగడుగులు మాత్రం దాటలేకపోయాం.

బేస్‌మెంట్‌లో ప్రార్థన అయ్యాక తలా ఒక వంటకం తెచ్చి భోంచేసేవాళ్ళం. అక్క తెచ్చిన కోడికూర గిన్నె వచ్చినంత నిండుగా తిరిగి వెళ్ళేది. కారం ఎక్కువని ఆడవాళ్ళు అనేవారు. కారం ఎక్కువని గుంటూరువాళ్ళు అనడం నేను అక్కడే విన్నాను. నేను తిన్నానా అంటే, తిన్నాను. నాకు కారు లేదు, నెలలో రెండుసార్లు అక్కే లైబ్రరీ దగ్గర దించేది, అప్పుడు కారులో కూర్చుని ఆ కూరే డబ్బాలోంచి తిన్నాను. చాలా బాగుండేది. బేస్‌మెంట్‌లో మాత్రం తినలేదు.

అదే చలికాలం అక్క ఇల్లు కొనుక్కుంది. తన పేట నుంచి అమెరికాలో ఇల్లు కొన్న మొదటి మనిషి తనేనని ఎంత సంబరంగా చెప్పిందో. శనివారం మధ్యాహ్నం గృహప్రతిష్ఠ ప్రార్థన, తరువాత భోజనం, ఎనిమిది ఇళ్ళవాళ్ళూ రావాలని ఇంటింటికీ వెళ్ళి పిలిచింది. అందరూ తప్పకుండా అన్నారు. నలభై మందికి వండుతానని, పులావుకి పెద్ద గిన్నె ఆస్పత్రి క్యాంటీన్ నుంచి అడిగి తెచ్చానని నాతో చెప్పింది. మన ఇంట్లో మనవాళ్ళంతా ఒక్కసారి కూర్చుని తింటే చాలు తమ్ముడూ, ఇంకేం అక్కర్లేదు అంది. ఆమెకు కావలసింది అదొక్కటేనని నాకు తెలుసు.

శనివారం ఉదయం కోటు వేసుకుని సిద్ధంగా ఉన్నాను. పెద్దాయన వచ్చి తీసుకెళ్ళాలి. పదకొండుకి ఫోన్ మోగింది. రోడ్లు బాగాలేవు తమ్ముడూ, స్నో పడుతోంది, రిస్క్ ఎందుకు, ఇంకోసారి పెట్టుకుందాం అన్నారు. అందరూ అదే అనుకుంటున్నారట. కిటికీలోంచి చూశాను. ఇడ్లీ మీద చల్లిన కారప్పొడి పాటి మంచు కూడా లేదు. ఆ నెలలోనే అంతకు పదింతలు మంచులో ఆయన ఆఫీసుకి డ్రైవ్ చేశారు. సరే అన్నయ్యగారూ అన్నాను. అక్కకు ఫోన్ చేస్తే తనే వచ్చి తీసుకెళ్ళేది. ఆ సంగతి తెలిసే ఫోన్ చేయలేదు. కోటు విప్పి కూర్చుని స్పెయిన్ అధ్యాయంలో ఆరు పేజీలు రాశాను. నా మీద నాకు అంత చిరాకు అంతకు ముందెప్పుడూ రాలేదు. అయినా లేవలేదు.

రెండు రోజుల తరువాత బేస్‌మెంట్ తాళంచెవి విషయం మాట్లాడటానికి వెళ్తే ఆ అమెరికన్ పాస్టరు ఎదురొచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, చేతికర్ర పట్టుకుని నడుస్తాడు. శనివారం తనూ తన భార్యా కలిసి అక్క ఇంటికి వెళ్ళారట. ప్రార్థన చేశారట, భోజనం అద్భుతమట, రోడ్డంతా శుభ్రంగా ఉందట. మీవాళ్ళు ఎవరూ రాలేదే, ఏదైనా కబురు వచ్చి అందరూ ఎక్కడికైనా వెళ్ళారా అని అమాయకంగా అడిగాడు. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను. ఏదో గొణిగి బయటపడ్డాను.

ఆ తరువాతి ఆదివారం సంతకాల సభ. అక్క వస్తుందని ఎవరూ అనుకోలేదు. వచ్చింది, మామూలు కంటే ముందే వచ్చింది, భర్తతో సహా. అందరినీ వందనాలని పలకరించింది. పెద్దాయన భార్య ఆమె దగ్గరికి పోయి, వారం రోజులుగా మోకాలు నొప్పి, ఏ మాత్ర వేసుకోమంటావని అడిగింది. అక్క ఓపిగ్గా చెప్పింది, ఎప్పుడు వేసుకోవాలో కూడా చెప్పింది. గృహప్రతిష్ఠ ఊసు ఒక్కరెత్తలేదు. మూడు నెలలు కామాల మీద గొంతు చించుకున్న మనుషులు ఆ రోజు ఎంత మర్యాదగా ఉన్నారో చెప్పలేను.

పెద్దాయన లేచి పేజీ చదివారు. హెచ్చుతగ్గులు లేవన్న వాక్యం దగ్గర కాస్త గొంతు పెంచి చదివారు. ఇంకేమైనా మార్పులుంటే ఇప్పుడే చెప్పండి, తరువాత సంతకాలే అన్నారు. నేను మూల బల్ల దగ్గర, ఆ కాగితానికి నకలు ముందు పెట్టుకుని, పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

అక్క లేచి నిలబడింది. పెద్దాయన వైపు కాదు, నావైపు చూసింది.

"తమ్ముడూ, ఆ శనివారం మీ అపార్ట్‌మెంట్ దగ్గర స్నో బాగా పడిందా?"

అందరి మొహాలూ నావైపు తిరిగాయి. పడలేదక్కా అంటే సరిపోయేది. రెండు మాటలు. గ్రీసు విషయంలో ఏం చేశారు, స్పెయిన్ విషయంలో ఏం చేశారు అని ఎన్ని వందల పేజీలు రాశానో అన్నిటికీ ఆ రెండు మాటలు సరిపోయేవి. నాకేం నష్టం? జైలా? మహా అయితే ఆ సాయంత్రం ఇంటికి దించేవాళ్ళు ఉండరు.

"పడిందక్కా," అన్నాను. "బాగానే పడింది."

ఆమె తల ఊపింది. కోపం ఏమీ కనిపించలేదు. కోప్పడి ఉంటే ఎంత బాగుండేది.

"అయితే సరే. ఒక్క మాట చేర్చండి. ఇకనుంచి ఎవరింట్లోనూ భోజనాలు పెట్టుకోవద్దు. ప్రార్థన ఇక్కడే చేసుకుందాం. వంటలు కూడా కలిపి పెట్టుకోవద్దు, ఎవరి బాక్స్ వాళ్ళు తెచ్చుకుందాం. అప్పుడు రోడ్లతో ఎవరికీ ఇబ్బంది ఉండదు."

మంచి సజెషన్ అన్నారు పెద్దాయన. ఆడవాళ్ళకి శ్రమ తగ్గుతుందన్నారు ఎవరో. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమని అడగడం పూర్తికాకుండానే చేతులు లేచాయి. ముంచేవాళ్ళవీ చిలకరించేవాళ్ళవీ, ఒకే గిన్నెవాళ్ళవీ చిన్న గ్లాసులవాళ్ళవీ, అన్నీ లేచాయి. చర్చ లేదు, సవరణ లేదు. ఆ గదిలో అంత పెద్ద ఊరట నేనెన్నడూ చూడలేదు. అక్క ఒక్కో చేతినీ నింపాదిగా చూసుకుంటూ వచ్చి, చివరికి నా దగ్గర ఆగింది.

నాకు ఓటు లేదు. అయినా నా చెయ్యి పైన ఉంది, పెన్నుతో సహా.

"ఇక చెయ్యి దించు తమ్ముడూ," అంది. "రాసుకో."

రాశాను.