గెడ్డలో కొన్న స్థలం

“ఇంకొకడికి అమ్మీస్తే, ఆడి పిల్లలు ములిగిపోతారే మెర్సీ!”

మోకాలి లోతు నీళ్లలో నిలబడి పరంజ్యోతి చెల్లెలితో అన్న మాట అది. గరివిడి ఫ్యాక్టరీలో వెల్డరు పని చేస్తూ కూడబెట్టి, ధర పెరిగాక అమ్మి కూతుర్ని నర్సింగు చదివించాలని అతను కొన్న మొదటి స్థలం ఇది.

ఎండాకాలంలో చర్చి సంఘం వాళ్లంతా ఆటోల్లో వచ్చి చూశారు. అమ్మింది చర్చిలో పాటలు పాడించే పెద్దాయనే. అందరూ హద్దురాళ్ల చుట్టూ నిలబడి కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు. వానొస్తే నీరు ఎటు పోతుందని అడగాలని పరంజ్యోతికి నోటిదాకా వచ్చింది. ప్రార్థన చేసిన నేల మీద అనుమానమేటంటారని మింగేశాడు. తొలి ముసురుకే, ఎప్పుడో పూడ్చేసిన గెడ్డ, ఆ పాత వాగు, తన దారిన తాను వచ్చేసింది.

ఇప్పుడు విజయనగరం ఆసామి ఒకాయన, ముసురు వెలిశాక వచ్చి చూసి కొంటానంటున్నాడు.

“అమ్మేయ్ అన్నయ్యా. పిల్ల చదువు ఆగిపోతాది.”

“ఆయన సేత కూడా కళ్లు మూయించమంటావేటే?”

పరంజ్యోతి ఫోన్ తీసి, రావద్దని ఆయనకు చెప్పేశాడు. ఫోన్ జేబులో పెట్టుకుని, నీళ్లలోంచి గట్టుకేసి నడిచాడు.

మరుసటి వానాకాలం మెర్సీ తన చంటిదాన్ని చంకనేసుకుని, వాన పడుతుండగానే, తను కొనడానికి ఒక్కతే స్థలాలు చూస్తోంది. ఆ రోజు అన్న చెప్పింది ఒక్కటే: “ముసురులో ఎల్లి సూడు. మనోళ్లని ఎంటబెట్టుకోకు. మనోళ్ల ముందు మనకి నోరు పెగల్దు.”